రాయి పక్కన నిలబెట్టిన పిల్ల

ఆ రోజు ఆలూరు బస్సులో, మ్యూజియం పాత ఫైళ్ల జిరాక్సులు ఒళ్లో పెట్టుకుని, ఏ శిల్పం ఏ ఊరి నుంచి వచ్చిందో చూసుకుంటున్నాను. ఒక కాగితంలో, పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా చెక్కి నిలిపిన వీరగల్లు ఫోటో ఉంది. రాయి ఎత్తు తెలియడానికి పక్కన ఒక పిల్లను నిలబెట్టారు. కింద ఊరి పేరు, రాయి కొలతలు రాశారు. పిల్ల పేరు రాయాలని ఎవరికీ తోచలేదు.

పక్క సీటులోని ముసలామె కాగితం మీదికి వంగింది.

"ఇది మా ఊరి రాయి కదప్పా! అయ్యో, ఈ పిల్ల మా యక్క. మా యన్న అంగీ తొడుక్కోని ఉండాది సూడు."

"మీ అక్కా? ఇప్పుడెక్కడున్నారు?"

"యాడుంటాదప్పా? రాయిని జోపానంగా లారీలో తీస్కపోయినారు. ఆ యేడు వచ్చిన కరువులోనే మా యక్క సచ్చిపాయ. నాకు అంగీ గుర్తుండాది గానీ, మొగమే మర్సిపోయింటి."

కాగితం ఆమెకిచ్చేశాను. ఆమె దాన్ని నిలువునా మడిచి, మడత మీద గోటితో గట్టిగా రుద్ది, మెల్లగా చించింది. రాయి ఉన్న సగం నా చేతిలో పెట్టింది.

"నీ రాయి నువ్వు తీస్కోప్పా. నాకు మా యక్క సాలు."

తన సగాన్ని కొంగులో ముడేసుకుని, తర్వాతి ఊళ్లో దిగిపోయింది.

బస్సు కదిలాక చూశాను. రాయి మీద ఆనించిన ఆ పిల్ల చేయి నా సగంలోనే ఉండిపోయింది.