మునికృష్ణ తెల్ల ప్యాంటు

పెరంబూరు రైల్వే క్వార్టర్సులో ఆడవాళ్ళు చిరుగులూ మరకలూ లోపలివైపుకు తిప్పి బట్టలు ఆరేస్తారు. పుష్పవల్లి మాత్రం కొడుకు ప్యాంటును మరక వీధిలోకి కనబడేలా ఆరేసేది. మునికృష్ణ రైల్వే వర్క్‌షాపు క్లబ్బు క్రికెట్ జట్టులో ఫాస్ట్ బౌలరు. బంతిని తొడకేసి రుద్దీ రుద్దీ ప్యాంటు ఒకపక్కంతా ఎర్రబడేది. ఎంత ఎరుపైతే అన్ని వికెట్లని ఆమె లెక్క. అందుకే ఉతికేటప్పుడు సబ్బును అక్కడికి పోనిచ్చేది కాదు. కుళాయి దగ్గర ఎవరూ అడక్కపోతే తనే కదిలించి చెప్పేది.

వచ్చే ఆదివారం ఎంపిక ఆట. బాగా ఆడితే రైల్వే పెద్ద జట్టులో చోటు. తల్లీకొడుకులకు వేరే ధ్యాస లేదు.

పక్కింటి అంజలై అందరూ బట్టలేసే దండెం దగ్గర ఆగింది. ఆమె మొగుడు క్షయతో పోయాడు.

"అక్కా, ఈడ చూడు. బంతి రంగు ఆరితే ఇట్లా నల్లబడదు. మీ పిల్లోడు దగ్గుతా ఉండాడు గదా? నోరు తుడుచుకోని దీనికే రాస్తా ఉండాడు. ఆస్పత్రికి తీసకపో."

"ఏమే, నీ కన్ను నా గుడ్డల మీదనే పడల్నా? నీకు ఆరేసేదానికి మొగోడి గుడ్డ లేదని నా బిడ్డకు రోగం అంటగడతావా?"

అంజలై తన చీర తీసుకుని వెళ్ళిపోయింది.

కొడుకును అడిగితే నవ్వాడు. "కొత్త బంతిమా. రంగు ఎక్కువ."

క్లబ్బువాళ్ళు కొత్త బంతి కొనలేదని ముందురోజే వాడు తిట్టుకున్నాడు. ఆ సంగతి పుష్పవల్లికి గుర్తొచ్చింది. గుర్తు రానట్టే ఉండి, ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి పొయ్యిలో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు. మునికృష్ణ దగ్గి దగ్గి గోడ పట్టుకున్నాడు.

"చూస్తివా, దిష్టే లేదు!" అని మురిసిపోయింది.

ఆదివారం వాడి బంతికి అవతలి జట్టు నిలవలేదు. కెప్టెన్ అరుముగం వాణ్ణి భుజాలమీద మోసుకొచ్చాడు. పెద్ద జట్టులో పేరు పడింది. చేర్చుకునే ముందు డాక్టరు ఛాతీకి ఎక్స్‌రే పటం తీయించాడు. రెండు ఊపిరితిత్తులూ చెడ్డాయి. బతికితే బతకవచ్చు, బంతి మాత్రం ముట్టకూడదన్నాడు. మునికృష్ణ బూట్లు ఇంట్లోనే వదిలి క్షయరోగుల శానిటోరియానికి వెళ్ళాడు.

నెల తిరక్కముందే అరుముగం వచ్చి, వీధి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. పుష్పవల్లి ముంగిట్లో ఆ ప్యాంటే ఉతుకుతూ ఉంది.

"తప్పుగా అనుకోవద్దుమా. ప్యాంటు క్లబ్బుది. కొత్త బౌలరుకు..."

"అడుగుతావనే ఉతుకుతా ఉండాను నాయినా. ఈసారి సబ్బు పెట్టినా. వాడి నెత్తురు పోయింది. మిగిలిందంతా బంతి రంగే."

అరుముగం చెయ్యి చాచాడు. ఎర్రమరక చూసి వెనక్కి తీసుకున్నాడు.

"వద్దులేమా. మీ దగ్గరే ఉండనీ."

అతను వీధి మలుపు తిరిగేదాకా చూసి, పుష్పవల్లి తడిప్యాంటును మరక లోపలివైపుకు తిప్పి ఆరేసింది. దండెం మీద కావలసినంత చోటుంది. ఇరుగుపొరుగువాళ్ళు అప్పటికే తమ బట్టలకు వేరే దండేలు కట్టుకున్నారు.