మెలకువ కాన్పు

నాకు ఉబ్బసం. అందుకే మత్తు డాక్టరు నన్ను పూర్తిగా నిద్రపుచ్చనన్నాడు. వెన్నులో సూది గుచ్చి, సన్నని గొట్టం పెట్టి, నడుము కింద మాత్రమే మొద్దుబారేట్టు మందు ఎక్కిస్తానన్నాడు. పరకాల నుంచి జీపులో వరంగల్ దవాఖానకు చేరేసరికే నాకు ప్రాణం కడబట్టింది. బిడ్డ అడ్డం తిరిగింది, కడుపు కోయక తప్పదన్నారు. "ఏదో ఒకటి చెయ్యిన్రి సారూ, జల్ది చెయ్యిన్రి" అని ఆయన మీదే అరిచాను. ఆ ఎనభైల్లో మా వైపు ఆపరేషన్ అంటే మత్తు, మత్తు అంటే ఒళ్ళు తెలియని నిద్ర. మెలకువతో కడుపు కోయించుకున్న మనిషిని మా ఇంట్లో ఎవరూ చూడలేదు, వినలేదు.

ఛాతీ దగ్గర అడ్డంగా ఆకుపచ్చ బట్ట కట్టారు. నొప్పి లేదు గానీ, ఎవరో మూట విప్పి బట్టలు వెతుకుతున్నట్టు కడుపులో చేతులు తిరగడం తెలుస్తూనే ఉంది. ఒక్కసారిగా కడుపు ఖాళీ అయింది. ఏడుపు కోసం చెవులు రిక్కించాను. ఏడుపు లేదు. చిన్న వీపు మీద తడుతున్న చప్పుడు, తరువాత లేడీ డాక్టరు ఇంగ్లీషులో రెండు ముక్కలు. నేను బడిపంతులమ్మను. ఆడపిల్ల అనీ, గుండె కొట్టుకోవడం లేదనీ నాకు అర్థమైంది.

"నా బిడ్డను జర నాకు చూపియ్యిన్రి" అన్నాను.

మత్తు డాక్టరు నా నుదుటి మీద చెయ్యి వేశాడు. "కుట్లు కానియ్యమ్మా. బయట మీవాళ్ళ చేతికిస్తరు, చూస్తువు" అన్నాడు. ఆ మాట పట్టుకుని పడుకున్నాను.

బయటికి తెచ్చేసరికి మా అమ్మ, మా అత్త వచ్చి మంచానికి చెరోపక్క నిలబడ్డారు. మా అత్త నోట్లో నువ్వుగింజ నానదు. ఆ రోజు మాత్రం ఎంత నున్నగా అబద్ధమాడిందో! "పిల్ల మంచిగున్నది బిడ్డా. అద్దాల పెట్టెల వెట్టిన్రు." పచ్చి బాలింతకు చావు మాట చెబితే గుండె ఆగుతుందని మావాళ్ళ నమ్మకం. పురిటి స్నానాలు అయ్యేదాకా దాచిపెట్టడం మా దగ్గర ఆనవాయితీ.

"నాకు దెల్సు. పిల్ల లేదు. నా చెవులతోని విన్న. ఒక్కపారి మొకం చూపియ్యిన్రి."

"ఏం విన్నవే? మత్తుల కలగన్నవ్" అంది మా అమ్మ. "కడుపు కోస్తాంటే తెలివితోని ఎవలన్న ఉంటరా?"

ఒట్టు పెట్టాను. బతిమాలాను. నోటికొచ్చినట్టు తిట్టాను. నాకు మతి చలించిందనుకుని మా అత్త ఇంత విభూతి తెచ్చి నుదుట పూసింది. అప్పుడే వరండా చివర మా ఆయన, మా బావగారు కనిపించారు. బావగారి చేతుల్లో తెల్లగుడ్డ మూట ఉంది. ఇద్దరూ మెట్లు దిగుతున్నారు.

లేవబోయాను. నడుము కింద ఏదీ నాది కాదు. తొడ మీద గోళ్ళు దిగేట్టు గిల్లుకున్నాను. రక్తం వచ్చింది గానీ కాలు కదల్లేదు. పాపిష్టి కాళ్ళు! "అయ్యో, ఆగున్రి! తీస్కపోకున్రి!" అని అరిచాను. మా అత్త నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

పొద్దుగూకే వేళకు కాలివేళ్ళు కదిలాయి. అప్పటికి వాళ్ళు పూడ్చిపెట్టి, స్నానాలు చేసి వచ్చేశారు.

నా పురిటి స్నానాలయ్యాక మా ఆయన పక్కన కూర్చుని, గొంతు సవరించుకుని, నిజం చెప్పబోయాడు. నాకు ఒళ్ళు మండింది.

"అది నాకెర్కనే. పిల్ల ఎట్లున్నదో అది చెప్పున్రి. రంగు ఎవలది? ముక్కు ఎవలది?"

ఆయన తల దించుకున్నాడు. "చూడలే. మొకం చూస్తే పానం గుంజుతదని అన్న మూట విప్పనియ్యలే" అన్నాడు.

మా అత్తను అడిగాను. మా అమ్మను అడిగాను. వాళ్ళూ చూడలేదు.