మార్కెట్ స్టాపు దాకా టికెట్

పేట మీదుగా వెళ్ళే బస్సులో కండక్టరుని అందరూ ఆరాల బాబాయి అంటారు. ఎక్కినవాళ్ళు ఏ పని మీద వెళ్తున్నారో కనుక్కుంటే తప్ప ఆయన ప్రాణం ఊరుకోదు.

క్లినిక్కులో కొత్తగా ఏ సేవలు పెట్టాలో పేటవాళ్ళనే అడిగి తేలుద్దామని డాక్టరమ్మ మీటింగు పెట్టి, బాబాయినీ పిలిచింది.

"ముందు ఇది చెప్పండి. మందులకి రమ్మంటే సగం మంది రారు. ఎందుకంటారు?"

"వచ్చే ఆ సగం మందీ మీ గుమ్మం ముందు దిగరు డాక్టరమ్మా! మార్కెట్ దాకా టికెట్ తీసుకుని, అక్కడ దిగి, ఎండలో వెనక్కి నడిచొస్తారు. మూడు నెలలుగా చూస్తున్నా. ఎందుకో అంతుపట్టక బుర్ర బద్దలైపోతోందనుకోండి!"

వెనక బెంచీలో బట్టలు కుట్టే ఆవిడ లేచింది.

"నే చెప్పనా బాబాయ్? క్లినిక్కుకి టికెట్ అడిగితే చాలు, 'ఏమ్మా, ఏం జబ్బు?' అని బస్సంతా వినేలా అడిగేదెవరు?"

గదంతా గొల్లుమంది.

డాక్టరమ్మ నవ్వాపుకుంటూ పుస్తకంలో ఏదో రాసుకుంది. ఏం రాసిందో అడగాలని బాబాయికి నోటిదాకా వచ్చింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో మొదటిసారి, అడగకుండా మింగేశాడు.