మొన అరగదీసిన బిట్

ఈ ఉదయం గోవింద్‌పూర్‌లోని నా షెడ్డు ముందు పచ్చి పనస దుంగ దించారు. కోసిన చోట ఇంకా పాలు కారుతున్నాయి. ఆ వాసన తగలగానే అరచేతులకు చెమట పట్టింది. వయసు నలభై దాటింది, చెక్క తొలిచే ఈ పనిలో నాకు పేరూ ఉంది. అయినా పచ్చి పనస వాసనకు అప్పారావు మావ గుర్తొస్తాడు, ఆయన వెనకే భయమూ వస్తుంది.

మావ నాకు చుట్టం కాదు. బర్మామైన్స్ అనే కార్మికుల పేటలో, ఓ ఇరుకు సందులో ఆయనకు దుంగను తిప్పుతూ చెక్కే లేత్ యంత్రం ఉండేది. అప్పడాల కర్రలు, మంచం కోళ్లు, డోలు గుల్లలు తీసేవాడు. కార్ఖానాలో కాంట్రాక్టు పని పోయి నేను ఖాళీగా తిరుగుతుంటే పిలిచి పని ఇచ్చాడు. అన్నేళ్లు ఇనుముకే రంధ్రాలు వేసినవాణ్ణి, చెక్క నాకో లెక్కా అనుకున్నాను. దుంగ తొలవడానికి ఆయన వాడే బిట్ చూస్తే నవ్వొచ్చేది. వెడల్పాటి గాడి, పాతకాలపు రకం. మొనకున్న స్క్రూలాంటి మరను ఆకురాయితో అరగదీసి పెట్టాడు. ఎందుకు పాడుచేశావని అడిగితే, మర ఉంటే అది తనంతట తానే దుంగలోకి దూసుకుపోతుందని, మన చేతి మాట వినదని చెప్పాడు. ముసలాడి చాదస్తం అనుకున్నాను.

ఆ ఏడు అమ్మవారి పండక్కి కొత్త డోలు చేసిస్తానని మావ పేటవాళ్లకు మాటిచ్చాడు. పచ్చి దుంగకు నడిమి గుండె తొలిచెయ్యకపోతే ఎండేకొద్దీ చీలుతుంది. మొదటి దుంగ అలాగే పోయింది. గుల్ల ఆరడానికే రెండు నెలలు కావాలి, పండగా అంతే దూరంలో ఉంది. మిగిలింది ఒక్క పచ్చి పనస దుంగ. చూపు మందగించిందని మావ ఆ పని నాకు అప్పగించి, తన బిట్ బల్ల మీద పెట్టి టీకి వెళ్లాడు. నేను దాన్ని పక్కకు నెట్టి, ఇనుముకు వాడే నా పొడవాటి బిట్‌ను తిరిగే దుంగకు ఎదురుగా బిగించాను.

జానెడు లోతు వెన్నలా దిగింది. ఆ ఊపులో బిట్ ఒక్కసారి కూడా వెనక్కి తీయలేదు. ఉన్నట్టుండి పొగ లేచింది, బెల్టు కీచుమంది, దుంగ ఆగిపోయింది. మోటారు ఆపి, బిట్‌ను వెనక్కి లాగబోయాను.

"లాగీకు," అంది గుమ్మంలోంచి మావ గొంతు. "లాగితే సీలిపోద్ది."

ఆయన దుంగను రెండు చేతులా పట్టుకుని వెనక్కి తిప్పుతుంటే, నేను వెంట్రుకవాసి చొప్పున బిట్ బయటికి జరిపాను. లోపల ఎక్కడో టిక్కుమంది. మావ దుంగను ఇంకా నెమ్మదిగా తిప్పాడు. కడకు బిట్ బయటికొచ్చింది. మావ దుంగ అంచంతా వేలితో తడిమాడు. చీలిక లేదు. బిట్ సన్నటి గాడిలో కూరుకుపోయిన చెక్క పొట్టు తీసి నా అరచేతిలో పిండాడు. నీళ్లు కారాయి.

"ఇనప రజను రాలిపోద్ది. ఇది తడికి ముద్దయిపోద్ది అల్లుడూ, బయటికి దారియ్యాల," అన్నాడు.

నా బిట్ బల్ల కింద పడేశాను. మిగతాది నువ్వే తొలు మావా, నావల్ల కాదన్నాను. ఆయన తన బిట్ బిగించి, దాన్ని ముందుకు నడిపే చక్రం మీద నా చెయ్యి పెట్టాడు.

"సెయ్యి వణుకుతంది కదేటి? వణకనీ. ఇందాకల వణికుంటే బిట్టు ఇరుక్కునేది కాదు."

రెండేసి వేళ్ల లోతుకు ఒకసారి బిట్ బయటికి తీసి, పొట్టు దులిపి, మళ్లీ దింపుతూ సాయంత్రానికి ముగించాను. పండగనాడు ఆ డోలు మోగుతుంటే ఏడుపొచ్చింది. జరిగింది మావ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు మావ లేడు, ఆ బిట్ నా దగ్గరుంది. ఇవాళ పనస దుంగ లేత్‌కెక్కించి దాన్నే బిగించాను. స్విచ్ మీద చెయ్యి వణికింది. వణకనిచ్చి, అప్పుడు నొక్కాను.