షీటు చివరిదాకా చూసే అక్క

మా అక్క పోయిందని శుక్రవారం పొద్దున ఫోన్ వచ్చింది. అప్పుడే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుని, టీ తాగడానికి అరగంట ఎప్పుడవుతుందా అని గడియారం చూస్తున్నాను. ఆ రోజు ఇక టీ సంగతే మరిచిపోయాను.

తోడబుట్టిన అక్క కాదు. జిన్నారం దగ్గర మాత్రల కంపెనీలో మా ప్యాకింగ్ లైనుకు పెద్ద. తెల్లని దీపాల కింద మాత్రల షీట్లు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉండేవి. కాసేపటికి నా చేతులు నావో కావో తెలిసేది కాదు. నీళ్ల అడుగున కూర్చున్నట్టుండేది. విరిగిన మాత్ర ఒకటి కనబడగానే గెలిచినట్టు ఆ షీటు పక్కన పడేసేదాన్ని. అక్క దాన్ని మళ్లీ తెచ్చి నా ముందు పెట్టేది.

"ఒకటి దొరికిందని కన్ను తిప్పుతవేందే? చివరిదాంక సూడు. ఇంకోతీరు తప్పు ఉన్నదంటే, మిషన్ల ఇంకో తాన గడ్‌బడ్ ఉన్నట్టు."

ఒక్కోసారి నిజంగానే ఉండేది.

నాలుగేళ్ల కిందట క్యాంటీన్లో నేను నీళ్లు తాగుతుంటే, గొంతు మీద గడ్డ కదలడం చూసింది కూడా ఆ కళ్లే. అప్పటికే అక్కకు థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయి ఆరేళ్లు. నాకూ అదేనని తేలి ఏడుస్తుంటే, కాలర్ జరిపి మెడ కింద సన్నటి గీత చూపించింది. "ఇగో, ఎన్నడూ తియ్యని గొలుసు. నీకూ ఒకటి వేస్తరు, గంతే." నేనివాళ బతికున్నానంటే ఆమె చలవే.

అలాంటి మనిషి తన విషయంలో మాత్రం కన్ను తిప్పేసింది. నీరసం వస్తే మాత్ర డోసు తగ్గిందనుకుంది. రొమ్ములో గడ్డ చేతికి తగిలినా, ఏటా చూసే డాక్టరుకు చెప్పలేదు. కోపమొచ్చి అడిగాను.

"ఆయన గొంతు డాక్టరు గదనే. ఛాతి సంగతి ఆయనకెట్ల జెప్త?"

ఒకసారి క్యాన్సర్ వచ్చి పోయిందంటే ఇక ఆ ఒంటి జోలికి రాదని మేమందరం అనుకునేవాళ్లం. చివరికి ఆసుపత్రిలో చూపిస్తే అది రొమ్ము క్యాన్సరని, పాత జబ్బు పాకింది కాదని, వేరుగా పుట్టిందని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్ కాస్త ఎక్కువగా కనబడుతుందట. ఎందుకో ఇంకా పూర్తిగా తెలియదట. అందరికీ రాదు, కానీ చూపించుకుంటూ ఉండాలి అంటూ నా మెడ వైపు కూడా చూసింది.

చివరిసారి నేను పటేల్‌గూడలో అక్క ఇంటికి వెళ్లింది ఒక మధ్యాహ్నం. అక్క మగతలో ఉంది. తెల్ల దుప్పటి మీద వేళ్లు మెల్లగా జరుగుతున్నాయి, ఆగుతున్నాయి, మళ్లీ జరుగుతున్నాయి. ఏ షీటు చూస్తోందో. కళ్లు తెరవకుండానే అడిగింది.

"పరీక్ష చేపిచ్చుకున్నవా?"

"అయిందక్కా. అంత మంచిగనే ఉన్నదన్నరు."

అబద్ధం. డాక్టరమ్మ చెప్పి ఏడాదైనా భయంతో వెళ్లనేలేదు. అక్క వేళ్లు ఆగాయి. నిద్రపోయింది. ఆ అబద్ధం నన్ను నిద్రపోనివ్వలేదు.

అక్క దినాలైన మర్నాడు ఆ పరీక్ష కోసం పటాన్‌చెరు ఆసుపత్రికి వెళ్లాను. సాయంత్రానికి రిపోర్టు చేతికిచ్చారు. ఏమీ లేదు, మళ్లీ ఏడాదికి రమ్మన్నారు. మెట్ల మీదికి వచ్చేసరికి ముత్తంగి వైపు నుంచి వాన తెల్లగా కదిలి వస్తోంది. లారీలు, గోదాములు ఒక్కొక్కటే అందులో కలిసిపోతున్నాయి. నాకు తెలియకుండానే పైకి అనేశాను.

"ఇప్పుడు నిజంగనే అయిందక్కా."

పక్కన నిలబడ్డ ఆవిడ తనతోనే అన్నాననుకుని, నేను తడవకుండా రేకు కింద కొంచెం జరిగి చోటిచ్చింది.