అర్థం కాలేదని లేచి నిలబడ్డ మా లెక్కల మేడం

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా లెక్కల మేడం చెల్లెలు ఫోన్ చేశారు. చర్చికి పోయే వేళకు ఆమె ఎన్నడూ ఫోన్ చేయరు. ఎత్తగానే, "అక్క పోయిందమ్మా. తెల్లారంగ, దవాఖానల," అని ఆ ఒక్క మాట చెప్పి పెట్టేశారు. అప్పుడు నా టేబుల్ మీద ఈ ఎండాకాలం ఇబ్రహీంపట్నంలో జరగాల్సిన గణిత శిబిరం పోస్టరు ఉంది. తేదీలు తప్ప అన్నీ ఖాయమయ్యాయి. తేదీలు మేడంను అడిగి వేద్దామని ఆగాను.

ఆ సాయంత్రమే ఇబ్రహీంపట్నం పక్కనున్న ఆమె సొంతూళ్లో సమాధి చేశారు. ఆమె దగ్గర చదువుకున్న వాళ్ళం చాలామందిమే పోయాం. ఆదిభట్లలో పనిచేసే ఒకతను షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు, మెడలో కంపెనీ కార్డు అట్లాగే ఉంది. ప్రార్థన అయిపోయి, మట్టి వేసి పక్కకు వచ్చాక చేతుల మట్టి దులుపుకుంటూ నిలబడ్డాం. అప్పుడు అతనే నన్ను అడిగాడు.

"అక్కా, మరి ఈ యేడు ఉంటదా?"

శిబిరం గురించే అడుగుతున్నాడని అందరికీ తెలుసు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అది ఎట్లా మొదలైందో చెప్తే, ఎందుకు చెప్పలేకపోయానో మీకు తెలుస్తుంది.

మేడం ఇబ్రహీంపట్నం డిగ్రీ కాలేజీలో గణితం చెప్పేవారు. హయత్‌నగర్‌లో చెల్లెలి ఇంట్లో ఉంటూ రోజూ వచ్చిపోయేవారు. డస్టరు పక్కనే ఉన్నా బోర్డును అరచేత్తోనే తుడిచేవారు, అదే చెయ్యి చీరకు రాసుకునేవారు. మధ్యాహ్నానికల్లా ఎంత మంచి చీరైనా నడుము దగ్గర తెల్లబడేది. మాలో ఎవరైనా బోర్డు మీద తప్పు చేస్తే చెరపనిచ్చేవారు కాదు. దాని చుట్టూ ఒక డబ్బా గీసి, "ఉండనీ, దీంతోని పనున్నది," అనేవారు. నిజంగానే గంట కొట్టేలోపు ఆ తప్పుతోనే ఏదో ఒక కొత్త సంగతి చెప్పేవారు.

పుస్తకాల మీద ఆమెకు గౌరవం ఉండేది గానీ పూర్తి నమ్మకం ఉండేది కాదు. "పుస్తకంల 'సులభంగా తెలుస్తుంది' అని ఏడ రాసి ఉంటే ఆడ బండి ఆపున్రి. ఆడనే గుంత ఉంటది," అనేవారు. ఇప్పుడు నేను పాఠం చెప్తూ ఆ మాట నాలుక చివరిదాకా వస్తే మింగేస్తాను.

చలికాలం మొదలవుతూనే ఆమెకు వేరే పని పడేది. దేశంలోని పెద్ద విద్యాసంస్థలు వచ్చే ఎండాకాలంలో జరిపే శిబిరాల గురించి, పరిశోధన సదస్సుల గురించి అప్పుడే ప్రకటనలు ఇస్తాయి. అవి శుద్ధ గణితానికి సంబంధించినవి. అంటే, దేనికి పనికొస్తుందని అడగకుండా గణితాన్ని గణితం కోసమే చదవడం. మేడం వాటిని వెతికి, ప్రింటు తీసి, పరీక్ష ఫీజుల నోటీసు పక్కన అంటించేవారు. ఆ ఇంగ్లీషు మేము చదవమని ఆమెకు తెలుసు. అందుకని క్లాసులో మళ్ళీ నోటితో చెప్పేవారు.

"నాలుగు వారాలు బీజగణితం. ఉండుడు, తినుడు అంత వాళ్ళదే. పోయేటోళ్ళు చెయ్యెత్తున్రి."

ఎవరం ఎత్తేవాళ్ళం కాదు. ఆమె ఏమీ అనుకోకుండా పాఠంలోకి పోయేవారు. మళ్ళీ మరునాడు అడిగేవారు.

డిగ్రీ చివరి సంవత్సరం నేను చెయ్యెత్తాను. ఎందుకు ఎత్తానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. రోజూ అడుగుతున్నారు, ఎవరో ఒకరు ఎత్తాలి అనిపించిందంతే. దరఖాస్తు ఆమే దగ్గరుండి నింపించారు. ఎంపికయ్యానని తెలిసిన రోజు క్లాసులో నాకంటే ముందు ఆమే చప్పట్లు కొట్టారు. ఇంట్లో మాత్రం బాపు ఒప్పుకోలేదు. మాది వ్యవసాయం. నేను డిగ్రీ అయిపోగానే ఆదిభట్లలో ఏదో ఒక కంపెనీలో చేరి, పొద్దున కంపెనీ బస్సెక్కి సాయంత్రం ఇల్లు చేరాలన్నది బాపు కోరిక. మా వాడలో ఇద్దరు ఆడపిల్లలు అప్పటికే అట్లా పోయి వస్తున్నారు.

ఆ సంగతి విని మేడం మా ఇంటికి వచ్చారు. బాపు కుర్చీ వేశాడు. అమ్మ చాయ్ తెచ్చింది. బాపే మొదలుపెట్టాడు.

"లెక్కలు ఈడ లేవా మేడం? గంత దూరం పోయి నేర్చుకునుడేంది?"

"ఉన్నయన్నా. నాకు వచ్చినయి ఈడున్నయ్. నాకు రానియి ఆడున్నయ్."

బాపుకు ఆ జవాబు కొత్తగా తోచింది. "గవి నేర్చుకుంటే నౌకరి వస్తదా?" అని అడిగాడు.

"ఏమో అన్నా. వస్తదని నీకు అబద్ధం చెప్ప."

"మరి దేనికి?"

"నీ బిడ్డకు గవంటే పానం. క్లాసుల దాని మొకం నువ్వు చూడలే. నేను చూసిన."

నేను తలుపు చాటున నిలబడి వింటున్నాను. ఆ మాటతో బాపు కరిగిపోతాడనుకున్నాను. కరగలేదు. "నువ్వు మంచిగనే చెప్తున్నవ్ మేడం. కానీ ఆడపిల్ల, ఒక్కతె, నెల రోజులు, మొకం ఎరుగని ఊరు. నాతోని కాదు," అన్నాడు. మేడం వాదించలేదు. చాయ్ తాగి, అమ్మకు చెప్పి, లేచారు. వాకిట్లో నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయారు. ఆ సంవత్సరం నేను పోలేదు. నా చోటు ఇంకెవరికో ఇచ్చి ఉంటారు.

వారం తర్వాత ఆమె క్లాసుకు వచ్చి బోర్డు తుడుస్తూనే అన్నారు. "మనల పోనియ్యకపోతే దాన్నే ఈడికి తెద్దం. ఈ ఎండకాలం మనమే పెట్టుకుందం."

మేము నవ్వాం. ఆమె నవ్వలేదు. ప్రిన్సిపాల్ సార్ వెంటపడి సెలవుల్లో ఒక గది తెరిపించుకున్నారు. నగరంలో తనకు తెలిసిన, తెలియని ప్రొఫెసర్లందరికీ ఫోన్లు చేశారు. ఎండల్లో ఇబ్రహీంపట్నం దాకా ఎవరొస్తారు? ఒక పెద్దాయన వస్తానన్నారు. రిటైరైన మనిషి, బీజగణితంలో పేరున్న పరిశోధకుడు. ఆయన వస్తున్నారని తెలిసి హయత్‌నగర్, జల్‌పల్లి వైపు కాలేజీల నుంచి కూడా పిల్లలు వచ్చారు. మా ఇంటికి దగ్గరే కాబట్టి బాపు కాదనలేకపోయాడు. కానీ తనే బండి మీద దింపి, ఏం జరుగుతుందో చూద్దామని వరండాలో కిటికీ పక్కన కూర్చున్నాడు.

మొదటి రోజే కరెంటు పోయింది. గది ఉడికిపోతోంది. ప్రొఫెసర్ గారు చెమట తుడుచుకుంటూ, రెండో ఘాతపు సమీకరణానికి మనం బడిలో బట్టీ పట్టిన సూత్రంతో మొదలుపెట్టారు. మూడో ఘాతానికీ, నాలుగో ఘాతానికీ అటువంటి సూత్రాలు ఉన్నాయన్నారు. ఐదో ఘాతానికి లేదు, ఎవరు ఎంత వెతికినా దొరకదు, అది రుజువు చేయవచ్చు అన్నారు. అక్కడి నుంచి ఆయన వేగం పెరిగింది. బోర్డు నిండింది. మేమందరం రాసుకుంటూ తలలూపుతున్నాం. నాకైతే ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కవాళ్ళకు అవుతోందనుకుని ఊరుకున్నాను.

చివరి బెంచీ నుంచి మేడం లేచారు.

"సార్, నాకు అర్థం కాలే."

గదిలో కలాలు ఆగిపోయాయి. ప్రొఫెసర్ గారు, "ఎక్కడ మేడం?" అన్నారు.

"దొరకలేదనుడు వేరు, లేనే లేదనుడు వేరు కద సార్. లేదని ఎట్ల తెలుస్తది? మీరు సమీకరణం కాడికెల్లి మూలాలను అటిటు మార్చుడు కాడికి పోయిన్రు. ఆడ నేను తప్పిపోయిన."

ఆయన మళ్ళీ చెప్పారు. మేడం నిలబడే ఉన్నారు. "ఇంకా కాలే సార్," అన్నారు. ఆయన కాసేపు బోర్డును చూసి, మొత్తం తుడిచేసి, రెండో ఘాతానికే తిరిగి వచ్చారు. దానికి రెండు మూలాలు, అంటే రెండు జవాబులు. వాటిని ఒకదాని చోట ఒకటి పెడితే ఏమవుతుందో చూపించారు. సూత్రంలో వర్గమూలం ముందు ప్లస్ గానీ మైనస్ గానీ ఎందుకు వస్తుందో, ఆ గుర్తుకూ ఈ అదలాబదలాకూ సంబంధం ఏమిటో చెప్పారు. తర్వాత మూడు మూలాలు. మెల్లగా, ఒక్కొక్కటిగా. మేడం "ఆఁ, ఇప్పుడు తొవ్వ కనవడ్డది," అని కూర్చునేసరికి ముందు బెంచీలో ఒక పిల్ల చెయ్యెత్తి, "సార్, నాకు దాని తర్వాతది అర్థం కాలే," అంది. ఆ తర్వాత ఇంకొకరు. మధ్యాహ్నం అన్నాల వేళ దాటిపోయినా ఎవరూ లేవలేదు.

ఇంటికి పోతూ బండి మీద బాపు అన్నాడు. "మీ మేడంకే తెల్వకపోతే మీకేం చెప్తదే?"

ఊరు దగ్గరపడ్డాక తనే మళ్ళీ అన్నాడు. "కానీ గంత పెద్దాయన ముంగట తెల్వదని నిలవడ్డది సూడు. మామూలు మనిషి కాదు."

మరుసటి ఎండాకాలం నన్ను వేరే రాష్ట్రంలో శిబిరానికి పంపింది బాపే. సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు కదిలేటప్పుడు కిటికీ దగ్గరకు వచ్చి, "అర్థం కాకపోతే అడుగు. సిగ్గుపడకు," అన్నాడు. మా బాపు నోట గణితం గురించి నేను విన్న సలహా అదొక్కటే.

చాలా రోజుల తర్వాత ఒకసారి మేడంతో ఆ మొదటి రోజు సంగతి ఎత్తాను. మాకు ధైర్యం రావాలని ఆమె కావాలనే అట్లా అడిగారని మేమందరం అనుకుంటామని చెప్పాను. ఆమె ఆశ్చర్యంగా చూశారు.

"మీ కోసం అడిగిననుకున్నరా? లేదు బిడ్డ. నాకు నిజంగనే అర్థం కాలే. ఇన్నేండ్ల సంది ఆడ ఆగిపోయిన. ఇగ ఆయన మళ్ళ వస్తడో రాడో అని అడిగిన."

ఆమెను నేను అంతకు ముందు గౌరవించేదాన్ని. ఆ మాట విన్న రోజు నుంచి ఆమె నాకు ఇంకా దగ్గరి మనిషయ్యారు.

నేను పరిశోధనలో చేరి, మొదటిసారి ఒక సదస్సులో నా పని గురించి మాట్లాడినప్పుడు మేడం వచ్చారు. చివరి వరుసలో కూర్చుని చివరిదాకా విన్నారు. పెద్దవాళ్ళు కొందరు బాగుందన్నారు. నేను మేడం దగ్గరకు పోయి ఎట్లా ఉందని అడిగాను.

"మొదట్ల మంచిగ తీస్కపోయినవ్. నడుమల మమ్ముల ఇడిసిపెట్టి నువ్వొక్కదానివే పోయినవ్," అన్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "ఆడిదాంక పోయినవ్ సూడు, గది సంతోషం. మళ్ళ ఒకసారి ఎనుకకు వచ్చి మమ్ముల తీస్కపో," అన్నారు. ఆ రాత్రి నా ఉపన్యాసాన్ని మొదటి నుంచి మళ్ళీ రాసుకున్నాను.

ఇబ్రహీంపట్నం శిబిరం ఆగలేదు. ఆమె రిటైరయ్యాక కూడా ప్రతి ఎండాకాలం జరిగింది. పాఠాలు చెప్పే బాధ్యత మెల్లగా నాకూ, నాలాంటి మరి కొందరికీ వచ్చింది. మేడం మాత్రం ఎప్పుడూ చివరి బెంచీలోనే కూర్చునేవారు. ఎవరు ఎంత పేరున్న వాళ్ళు వచ్చి చెప్పినా, తెలియని చోట లేచేవారు.

ఈ చలికాలం ఆమెకు జబ్బు ముదిరింది. దవాఖానకు పోయినప్పుడు ఈ సంవత్సరం పోస్టరు చూపించాను. కళ్ళద్దాలు అడిగి పెట్టుకుని నిదానంగా చదివారు. 'ప్రతిభావంతులైన విద్యార్థుల నుంచి దరఖాస్తులు కోరుతున్నాం' అన్న చోట వేలు పెట్టారు.

"గీ మాట తీసెయ్."

"ఏది మేడం?"

"ప్రతిభావంతులు. ఇది చదివి ఎవరో ఒక పిల్ల, నేను కాదు తియ్యి, అనుకుని ఇంట్లనే ఉంటది. ఆ పిల్లే మనకు కావాలె."

తీసేశాను. 'లెక్కలంటే ఇష్టమున్న వాళ్ళెవరైనా రావచ్చు' అని రాశాను. ఆమెకు చదివి వినిపిస్తే, "అవ్, ఇప్పుడు మంచిగున్నది," అన్నారు. అలసిపోయినట్టున్నారని తేదీల సంగతి తర్వాత మాట్లాడదామనుకుని వచ్చేశాను. తర్వాత మాట్లాడటం కాలేదు.

సమాధి దగ్గర ఆ అబ్బాయి అడిగినదానికి నేను జవాబు చెప్పలేకపోయింది అందుకే. ఆమె లేని గదిలో నిలబడి పాఠం చెప్పడం ఊహకు రాలేదు. మేం తొవ్వ తప్పితే లేచి ఆపేవాళ్ళు ఎవరు? రెండు రోజుల తర్వాత మేడం చెల్లెలే ఫోన్ చేశారు. "బంద్ పెట్టకున్రి అమ్మా. అక్క ఉంటే తిడ్తుండె," అన్నారు. ఆ వెంటనే, "నేను కూడ వచ్చి కూసుంటే ఏమన్న అంటరా? నాకు లెక్కలు రావు," అన్నారు. తప్పకుండా రమ్మన్నాను. తేదీలు వేసేశాను. శిబిరం ఉంది. అదే కాలేజీ, అదే గది.

మేడంను తలచుకుంటే దవాఖాన మంచం గుర్తుకు రావడం లేదు. పోయిన ఎండాకాలం శిబిరం చివరి రోజు సాయంత్రం గుర్తొస్తోంది. అందరం ఇబ్రహీంపట్నం బస్టాండ్‌కు వచ్చాం. నేను రోడ్డు ఇవతల చాయ్ తాగుతున్నాను. అవతల ఒక పిల్ల మేడంను ఆపి ఏదో అడిగింది. మేడం సంచి కింద పెట్టి, రాయడానికి ఏమీ దొరకక, అక్కడ ఆగి ఉన్న ఆటో వెనక రెగ్జిన్ మీద పేరుకున్న దుమ్ములో వేలితో రాయడం మొదలుపెట్టారు. హయత్‌నగర్ బస్సు వచ్చింది. కండక్టర్ కేకలు వేశాడు. ఆమె తల తిప్పలేదు. బస్సు పోయింది. ఆటో అతను దిగి వచ్చి, వాళ్ళిద్దరి వెనక నిలబడి కాసేపు చూశాడు.

"మేడం, గిరాకీ వచ్చింది. పోవాలె."

"జర ఆగు తమ్మీ, ఇంకొక్క లైనే."

అతను ఆగాడు. తర్వాత ఇక ఆగలేక నవ్వుకుంటూ ఎక్కి స్టార్ట్ చేశాడు. రుజువు సగంలో ఉండగానే ఆటో ఆదిభట్ల రోడ్డు ఎక్కింది. మేడం, ఆ పిల్ల పక్కపక్కన నిలబడి, పోతున్న ఆటో వైపే చూస్తూ, ఆ తర్వాతి లైను ఏమై ఉంటుందో గట్టిగా చెప్పుకుంటూ ఉన్నారు.