కాన్పు గది గోడకు మేం పూసిన సిమెంటు

ఎనభైల దశకం చివర. ప్రభుత్వ భవనాలు చూసే సబ్ ఇంజనీరుగా, మన సరిహద్దు దాటగానే వచ్చే కొంటాలో చేరాను. అక్కడికి దగ్గర్లో, అడవి దారిలోని ఒక ఊళ్లో, ఇంగ్లీషు దొరలు దిగే పాత బంగళా ఉండేది. ఎత్తయిన అరుగు, చుట్టూ వరండా, మూరెడు మందం గోడలు. అక్కడి సంస్థానం దేశంలో విలీనమయ్యాక అది చిన్న ఆసుపత్రి అయింది. వెనక గదిలో నర్సు సుశీలమ్మ కాన్పులు చేసేది. చుట్టుపక్కల మరో కాన్పు గది లేదు.

గోడల అడుగున చెమ్మ కనబడితే సిమెంటు ప్లాస్టర్ చేయించింది నేనే. ఏ పనికి ఎంత రేటో చెప్పే పుస్తకాన్ని మేం ఎస్.ఓ.ఆర్. అంటాం. మా ప్రతిలో సిమెంటు ఉంది, ఆ గోడలకు మొదట పూసిన గానుగ సున్నం లేదు. అంతకు మించి నేను బుర్ర పెట్టలేదు.

రెండు వానాకాలాలకే గోడ ఉబ్బి, పెచ్చులూడింది. పెద్దాఫీసరు వచ్చి, గుమ్మంలో నిలబడే "కండెమ్డ్ రాసెయ్యండి" అన్నారు. భవనం పనికిరాదు, కూల్చవచ్చని ఇంజనీరు సంతకం పెట్టడమన్నమాట.

ఆయన జీపు కదిలాక సుశీలమ్మ అడిగింది. "కూలగొడితే నేను కాన్పులు ఏడ చెయ్యాలె సార్?"

సోమయ్య మేస్త్రీని పిలిపించాను. ఆ బంగళా కట్టడానికి గోదావరి వైపు నుంచి వచ్చి, ఇక్కడే స్థిరపడ్డ సున్నంపని వాళ్ల మనవడు. ఒక మూల సిమెంటు చెక్కేసి పది రోజులు ఆగమన్నాడు. పదో రోజుకు ఆ మూల పొడిగా ఉంది.

"గోడ మంచిగనే ఉన్నది సార్. లోపలి చెమ్మ బయటికి పొయ్యే తొవ్వ మీరు మూసిన్రు. సున్నం నానేసి, కరక్కాయ నీళ్లు కలిపి మళ్ల నేను పూస్త. మీ పుస్తకంల లేకుంటే ఏంది?"

చెక్కిన మూల పొడిబారిందనీ, సున్నం పూస్తే చాలనీ రాసి పైకి పంపాను. సున్నం పనికి 'ఐటమ్ లేదు' అని రెండు ముక్కలు గీకి తిప్పి పంపారు. నాకు ఒళ్లు మండిపోయింది. పాడుచేసింది మేం, శిక్ష గోడకు. సంతకం పెట్టనన్నాను. నన్ను బదిలీ చేసి ఇంకొకరి చేత పెట్టించారు. కొత్త భవనం మంజూరు కాకముందే పాతది కూల్చేశారు. సుశీలమ్మ తన క్వార్టరు వంటగదిలో కాన్పులు చేస్తోందని తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ తర్వాత ఏ పాత కట్టడం మీద రిపోర్టు రాసినా, దాని వయసు కంటే ముందు మా శాఖ దానికి ఏమేం చేసిందో, ఎవరు చేయించారో రాశాను. పైవాళ్లకు గిట్టేది కాదు. ఆ బంగళా ఫైలు కూడా అలా రాసి ఉంటే, అందులో మొదటి పేరు నాదే ఉండేది.